శిల్పి చేతిలో నగ: కొన్ని అపోహలు, వాస్తవాలు

మైనంతో నమూనా చేసి దానిని వెండిలో, కంచులో పోత పోయడం నా వృత్తి. మెక్సికో శిల్పి, నగల రూపకర్త సెర్హియో బుస్తమాంతే ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా పనిపై ఉన్న పాత అపోహలే వినిపిస్తుంటాయి.

అపోహ: శిల్పి నగలు చేయడం మొదలుపెట్టాడంటే పెద్ద పని నుంచి చిన్న పనికి దిగజారినట్టే.

వాస్తవం: సినలోవా రాష్ట్రంలోని కులియకాన్‌లో పుట్టిన బుస్తమాంతే గ్వాదలహారా విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పం చదివారు. బొమ్మలు గీయడంతో, కాగితపు గుజ్జుతో ఆకృతులు చేయడంతో మొదలై, 1975లో కుమ్మరి పనికి పేరొందిన త్లాకెపాకెలో కర్మశాల నెలకొల్పి, చెక్క, కంచు, పింగాణి మీదుగా నగల దాకా వచ్చారు. ముఖాలున్న సూర్యచంద్రులు ఆయన శిల్పాల్లోనూ, నగల్లోనూ కనిపిస్తారు. అయితే శిల్పాన్ని కుదిస్తే నగ అయిపోదు. నేలమీద నిలిచే విగ్రహానికి బరువు బలమైతే, చెవికి వేలాడే పోగుకు అదే బరువు శత్రువు. విగ్రహంలో చక్కగా కనిపించిన లోతైన గీత వేలెడంత పతకంలో మెరుగు పెట్టేసరికి అరిగి మాయమవుతుంది. కనుక అదే ముఖాన్ని నగ కోసం ముక్కు కాస్త ఎత్తుగా, కళ్ళు కాస్త లోతుగా మళ్ళీ మలచవలసి వస్తుంది. నా దృష్టిలో ఈ రెండో మలచడమే కష్టం.

అపోహ: కాగితపు గుజ్జు పిల్లల ఆట.

వాస్తవం: రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపిన మక్కుతో, అంటే అలాంటి గుజ్జుతోనే, కొండపల్లి బొమ్మలకు చేతులు, కాళ్ళు అతికే పనివారిని ఈ మాట అడిగి చూడండి.

అపోహ: ఒకే శిల్పానికి పది ప్రతులుంటే మొదటిది అసలు, మిగిలినవి నకళ్ళు.

వాస్తవం: ఇది అన్నిటికంటే మొండి అపోహ. ఆదిలాబాద్ డోక్రా పనిలో మట్టి గుండుపై మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసి, చల్లారాక మట్టిని పగలగొడతారు కాబట్టి ఏ రెండు బొమ్మలూ సరిగ్గా ఒకేలా ఉండవు. నేటి కర్మశాలల్లో మాత్రం మూలరూపం నుంచి రబ్బరు అచ్చు తీసి, దానిలో మైనం నింపి, ఎన్ని కావాలంటే అన్ని మైనపు ప్రతులు తీయవచ్చు. అయినా వాటిని లోహంలో పోసేటప్పుడు ప్రతి ఒక్కదానికీ అతుకుల గీతలు చెక్కి, లోహం పారిన కాలువల్లో గడ్డకట్టిన కాడలు కత్తిరించి, రంగు పట్టించే పని విడిగా చేయవలసిందే. శిల్పి ముందుగా ఇన్నేనని సంఖ్య నిర్ణయించి, ప్రతిదానిపై వరుస సంఖ్య వేసినప్పుడు అవన్నీ అసలు పనులే అవుతాయి. సంఖ్య దాచి అమ్మడమే మోసం.

అపోహ: మెక్సికో వెండి నగలంటే తాస్కో అనే ఊరి నగలే.

వాస్తవం: అమెరికాకు చెందిన వెండి నగల రూపకర్త విలియం స్ప్రాట్లింగ్ 1930ల తొలినాళ్ళలో అక్కడ కర్మశాల తెరవడంతో తాస్కోకు ఆ పేరొచ్చింది. బుస్తమాంతే పని చేసింది త్లాకెపాకె ఉన్న హలిస్కో రాష్ట్రంలో.

అపోహ: కంచు విగ్రహం గట్టి ముద్ద, దానంతటదే నిలబడుతుంది.

వాస్తవం: పెద్ద కంచు విగ్రహాలు సాధారణంగా లోపల బోలుగా, కొద్ది మిల్లీమీటర్ల మందంతో ఉంటాయి, ముక్కలుగా పోసి అతుకుతారు. మెక్సికోలోని ప్వెర్తో వాయార్తా పట్టణపు సముద్రతీర నడకదారిలో బుస్తమాంతే చేసిన ‘వివేకాన్వేషణలో’ అనే శిల్పం ఉంది. ఆకాశంలోకి లేచిన నిచ్చెనపై దిండులాంటి తలలున్న ఇద్దరు పిల్లలు ఎక్కుతుంటే, కింద తల్లి చేతులు చాచి పిలుస్తుంటుంది. గోడ ఆసరా లేని ఆ నిచ్చెన సముద్రపు గాలికి నిలవాలి. పైగా ఫొటోల కోసం దాని మెట్లు ఎక్కే మనుషుల బరువునూ మోయాలి. వాస్తుశిల్పం చదివిన చదువు అక్కరకొచ్చింది ఇలాంటి చోటేనని పోత పోసేవాడిగా నా ఊహ.