పురుగు చర్మం తాకగానే బూజు ఏం చేస్తుంది?

కొబ్బరి తోటలో పెంటకుప్ప తిరగేస్తే కొమ్ముపురుగు పిల్లలు బయటపడతాయి. తెల్లగా, బొటనవేలంత లావున, ముడుచుకుని ఉంటాయి. కుప్పలో మెటారైజియం అనే బూజు (శిలీంధ్రం) కలిపి ఉంటే కొన్నాళ్లకు వాటిలో కొన్ని కదలడం మానేస్తాయి. వేలితో నొక్కితే మెత్తగా ఉండవు, గట్టిగా బిగుసుకుపోయి ఉంటాయి. ముందు ఒంటినిండా తెల్లని బూజు పడుతుంది, తర్వాత అదే ముదురాకుపచ్చ పొడిగా మారుతుంది. ఆ పొడిలోని రేణువులన్నీ ఆ బూజు బీజాలే, అంటే దాని విత్తనాల్లాంటివే.

పురుగుల మీద ఈ బూజును వాడొచ్చన్న ఆలోచన పాతదే. 1879లోనే ఒడెస్సా (ఇప్పటి ఉక్రెయిన్) ప్రాంతంలో గోధుమకు పట్టే పెంకుపురుగుల మీద ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించాడు. అయితే బీజం పురుగు మీద పడ్డాక లోపల ఏయే జన్యువులు పని మొదలుపెడతాయో తెలుస్తున్నది ఈమధ్యనే.

బ్యాక్టీరియాతో, వైరస్‌తో చేసే పురుగుమందులు సాధారణంగా పురుగు కడుపులోకి వెళ్తేనే పనిచేస్తాయి. బూజు అలా కాదు, చర్మంలోంచే దూరుతుంది. బీజం అతుక్కుని మొలకెత్తుతుంది, మొలక చివర బుడిపెలా ఉబ్బుతుంది. చర్మంలోని ప్రొటీన్లను, దానికి గట్టిదనమిచ్చే కైటిన్‌ను కరిగించే ఎంజైముల జన్యువులు అప్పుడు జోరందుకుంటాయి. ఆ ఎంజైములతో, బుడిపెలో పెరిగే ఒత్తిడితో దారి చేసుకుని లోపలికి దిగుతుంది.

ఆ చర్మం ఎవరిదన్నది దానికి చాలా ముఖ్యం. మిడతలను మాత్రమే పట్టే మెటారైజియం ఆక్రిడమ్ సంగతే చూడండి. మిడత చర్మం మీద చక్కగా మొలిచి బుడిపె కడుతుంది. బంగాళాదుంప పెంకుపురుగు చర్మం మీదైతే సరిగా మొలకెత్తనే మొలకెత్తదు, అక్కడే ఆగిపోతుంది. దాని దగ్గరి బంధువు మెటారైజియం రాబర్ట్‌సీ మాత్రం ఎన్నో రకాల పురుగులను పడుతుంది. అది మొక్కల వేళ్లను అంటుకుని కూడా బతుకుతుంది. పురుగుకు అతుక్కోవడానికి ఒక జిగురు ప్రొటీన్, మొక్కకు అతుక్కోవడానికి ఇంకొకటి వాడుతుంది.

లోపలికి వెళ్లాక అసలు టెన్షన్ మొదలవుతుంది. పురుగు రక్తంలోని కణాలు పరాయిదాన్ని చుట్టుముట్టి చంపేస్తాయి. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో చెంగ్షు వాంగ్, రేమండ్ సెయింట్ లెజర్ వాటి నుంచి బూజు ఎలా తప్పించుకుంటుందో 2006లో చూపించారు. పురుగు రక్తం తగిలిన 20 నిమిషాల్లోపే ఎంసీఎల్1 అనే జన్యువు మేల్కొంటుంది. అది తయారుచేసే ప్రొటీన్ బూజు కణాలకు పైతొడుగులా కప్పుకుంటుంది, రక్తకణాలు వాటిని గుర్తుపట్టలేవు. ఆ జన్యువును తీసేసిన బూజు వెంటనే దొరికిపోయింది. చర్మం మీద ఉన్నంతసేపూ అక్కర్లేని జన్యువు, రక్తంలోకి రాగానే ప్రాణాధారం. ఇన్నాళ్లుగా ఈ శాస్త్రం చదువుతున్నా, నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం ఇది.

అందుకే దీన్ని డబ్బాలోని రసాయనంలా చూడటం తప్పని నా అభిప్రాయం. ఇది బతికున్న ప్రాణి. మండుటెండలో కొడితే చచ్చిపోతుంది, గాలిలో తేమ లేకపోతే మొలవదు, శిలీంధ్రనాశినితో కలిపితే వృథా. సాయంత్రం చల్లబడ్డాక కొట్టమనేది ఇందుకే. ఇంకో సంగతి, కృత్రిమ ఆహారం మీద తరాల తరబడి పెంచుతూ పోతే పురుగును పట్టే శక్తి దానికి తగ్గిపోతుంది. అందుకని ల్యాబుల్లో దాన్ని మళ్లీ ఒక బతికున్న పురుగుకు అంటించి, చచ్చాక ఆ ఒంటిమీద నుంచి కొత్త బీజాలు తీసుకుంటారు.