నెల్లూరుకు దక్కని మీడియం వేవ్

ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి కొన్నేళ్లుగా మీడియం వేవ్ (దూరప్రాంతాలకూ వినపడే పాతకాలపు ఏ.ఎం. రేడియో) ట్రాన్స్‌మీటర్లను దశలవారీగా తగ్గించుకుంటూ వస్తోంది. యంత్రాలు పాతబడ్డాయి, కరెంటు ఖర్చు ఎక్కువ, వినేవాళ్లు తగ్గారు. మూడు కారణాలూ నిజమే. ఈ సంగతి చర్చకు వచ్చినప్పుడల్లా విజయవాడ, కడప, విశాఖపట్నం పేర్లే వినపడతాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊసు రాదు. ఈ రెండు జిల్లాల్లో ఏనాడూ మీడియం వేవ్ కేంద్రం లేదు కాబట్టి, పోయేదేముందిలే అనుకుంటారు. నా లెక్క వేరు. సొంత కేంద్రం లేని ఊళ్లే దూరం నుంచి వచ్చే మీడియం వేవ్ మీద ఎక్కువ ఆధారపడ్డాయి. అది ఎలా జరిగిందో తెలియాలంటే మద్రాసు నుంచి మొదలుపెట్టాలి.

1924లో మద్రాసులో కృష్ణస్వామి చెట్టి చొరవతో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పుట్టింది. డబ్బు చాలక 1927లో మూతపడింది. ఆ క్లబ్బు ట్రాన్స్‌మీటర్‌తోనే 1930లో మద్రాసు కార్పొరేషన్ ప్రసారాలు మొదలుపెట్టింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. అప్పటికి నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో భాగం. రాజధాని దాదాపు 175 కిలోమీటర్ల దూరం, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే ఊరు. కోర్టు పనికైనా, కాలేజీ చదువుకైనా, పెద్దాసుపత్రికైనా మద్రాసే. రేడియో కూడా అక్కడి నుంచే రావడం ఎవరికీ వింతగా తోచలేదు. పైగా ఆ కేంద్రం సగం మనదే. రేడియో అన్నయ్యగా పేరుబడ్డ న్యాయపతి రాఘవరావు, స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు మొదట పనిచేసింది మద్రాసులోనే.

మద్రాసు రేడియో నెల్లూరు కోస్తాలో బాగా వినపడటానికి ఇంకో కారణం ఉప్పునీళ్లు. మీడియం వేవ్ తరంగం పగటిపూట నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి సముద్రం మీదుగా వచ్చే తరంగం బలం అంతగా తగ్గదు. రాతినేల మీద తొందరగా నీరసపడుతుంది. మద్రాసు నుంచి తీరం దాదాపు నేరుగా ఉత్తరానికి పోతుంది. అందుకే గూడూరు, కోట, ముత్తుకూరు వైపు పల్లెలకు ఆ స్టేషన్ హాయిగా అందేది. అదే ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట ప్రాంతాల్లో మిద్దె మీద ఏరియల్ కట్టి, ఎర్తు వైరు నేలలోకి దించి, దాని పాదులో నీళ్లు పోస్తే గాని గొంతు తేలేది కాదు.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు పరాయి రాష్ట్రమైంది. ఆ రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు కుటుంబ మూలాలు నెల్లూరు జిల్లాలోవే. ఇప్పుడు జిల్లాకు ఆయన పేరే ఉంది. కానీ రాష్ట్రం మారినంత మాత్రాన రేడియో ముల్లు మారదు. నెల్లూరు నుంచి విజయవాడ మద్రాసు కన్నా వంద కిలోమీటర్లు ఎక్కువ దూరం. పగలు మద్రాసు గట్టిగా, విజయవాడ సన్నగా వినపడేవి. 1963లో కడప కేంద్రం వచ్చింది. నేరుగా గీత గీస్తే అదే అన్నిటికన్నా దగ్గర, మధ్యలో వెలికొండలు అడ్డం.

1970 ఫిబ్రవరి 2న ఏర్పడ్డ ఒంగోలు జిల్లాది ఇంకో కథ. తర్వాత దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. మూడు జిల్లాల ముక్కలతో కుట్టిన జిల్లా అది. చీరాల వాళ్లకు విజయవాడ పక్కింటి స్టేషన్, గిద్దలూరుకు కడపే దగ్గర.

మరి మధ్యలో ఇంత పెద్ద జాగా ఉండగా నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక చిన్న మీడియం వేవ్ కేంద్రం ఎందుకు పెట్టలేదు? పటం మీద చూస్తే జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద, కడప 900 మీద, మద్రాసు 720 మీద పెద్ద పెద్ద ట్రాన్స్‌మీటర్లు. ఒక్కోదాని చుట్టూ వృత్తం గీస్తే నెల్లూరు ఏదో ఒక వృత్తంలో పడిపోతుంది. ఇక అక్కడ కేంద్రం అవసరం లేదని కాగితం చెబుతుంది. పైగా మీడియం వేవ్‌లో జాగా తక్కువ. 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ దాకా తొమ్మిదేసి ఎడంతో లెక్కేస్తే 120 చానళ్లే. చీకటి పడ్డాక తరంగాలు పైవాతావరణానికి తగిలి వందల మైళ్ల అవతల దిగుతాయి కాబట్టి, ఒకే చానల్‌ను దగ్గర దగ్గర ఊళ్లకు ఇవ్వడం కుదరదు. రాత్రిపూట స్టేషన్ మీద స్టేషన్ ఎక్కి కీచుమనే గోల పాత శ్రోతలందరికీ తెలిసిందే.

కాగితం చెప్పనిది పొలం సంగతి. వృత్తంలో సిగ్నల్ ఉన్నంత మాత్రాన మన సంగతి ఉన్నట్టు కాదు. కృష్ణా డెల్టాలో వరి నాట్లు ప్రధానంగా నైరుతి వానలతో, తొలకరి తర్వాత. నెల్లూరులో పెద్దవాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. పెన్న కింద పెద్ద పంట అప్పుడే మొదలవుతుంది. ఎండాకాలంలో వేసే ఎడగారు అదనం. విజయవాడ రైతుల కార్యక్రమం కృష్ణా గోదావరి రైతుకు కోత గురించి చెబుతుంటే, మొలగొలుకులనే వరి పండించే కోవూరు రైతు ఇంకా నారుమడి దగ్గరే ఉంటాడు. కడప వాళ్లది వేరుశనగ, చీనీ చెట్ల లోకం. కందుకూరు, కొండపి, టంగుటూరు వైపు తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు. ఆ రైతుకు కావాల్సింది వేలంలో ఏ రోజు ఏ ధర పలికిందన్న కబురు. ఈ పంటలన్నిటికీ ఏ రేడియోలోనూ మొదటి పీట దక్కలేదు. సిగ్నల్ కొరత కన్నా నన్నడిగితే ఇదే పెద్ద లోటు.

వినోదానికి మాత్రం లోటు రాలేదు. ఉషశ్రీ ధర్మసందేహాలు, రామాయణ భారతాల కోసం విజయవాడ. సినిమా పాటలకు సిలోన్. రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురై గొంతు తెలియని ఇల్లు మన కోస్తాలో తక్కువ. ఇక్కడి రేడియో సినిమా పాటలను చిన్నచూపు చూసిన రోజుల్లో సముద్రం అవతలి దేశం వాటిని మనకు వినిపించింది. వినడానికి లైసెన్సు కూడా ఉండేది. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలి. 1980ల్లో ఆ తంతు పోయింది.

తుపాన్ల దగ్గర మాత్రం రేడియో కాలక్షేపం కాదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత రేడియో హెచ్చరికను తేలిగ్గా తీసుకునే ధైర్యం తీరంలో ఎవరికీ లేదు. 1979 మేలో ఒంగోలు, నెల్లూరు మధ్య తీరాన్ని, 1984 నవంబరులో శ్రీహరికోట వైపు, 1989 నవంబరులో కావలి దగ్గర పెద్ద తుపాన్లు తాకాయి. కరెంటు స్తంభాలు కూలాయంటే టీవీ ఉన్నా లేనట్టే. పట్టపుపాలేలనే జాలరి పల్లెల్లో బ్యాటరీ ట్రాన్సిస్టర్ ఒక్కటే దిక్కు. ఇక్కడే దూరపు మీడియం వేవ్ గొప్పతనం బయటపడుతుంది. ట్రాన్స్‌మీటర్ వంద, రెండు వందల కిలోమీటర్ల అవతల ఉంటుంది కాబట్టి కావలిలో గాలి ఎంత విరుచుకుపడ్డా కడప గొంతు ఆగదు. సొంత కేంద్రం లేకపోవడం ఆ ఒక్క విషయంలో కలిసొచ్చింది.

తర్వాత కాలం మారింది. 1995లో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 2001 నుంచి ప్రైవేటు ఎఫ్.ఎం.లు, 2006 విధానంతో స్వచ్ఛంద సంస్థల కమ్యూనిటీ రేడియోలు వచ్చాయి. అన్నీ ఎఫ్.ఎం.లోనే. మీడియం వేవ్‌ను ప్రైవేటు వారికి తెరవనే లేదు. అమెరికాలో చిన్న పట్టణానికి ఒక ఏ.ఎం. స్టేషన్ ఉండి, ఊళ్లో వ్యాపారి ప్రకటనలతో నడిచేది. అలాంటిది మన గూడూరులోనో కందుకూరులోనో పుట్టే అవకాశమే లేకుండా పోయింది. అప్పటి ప్రకాశం జిల్లాలో పడమటి వైపు మార్కాపురానికి ఆకాశవాణి ఎఫ్.ఎం. వచ్చింది. నెల్లూరులో 10 కిలోవాట్ల ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రాన్ని 2022లో అప్పటి ఉపరాష్ట్రపతి, ఈ జిల్లా వాడే అయిన వెంకయ్యనాయుడు ప్రారంభించారు. మద్రాసు కేంద్రం మొదలైన ఎనభై నాలుగేళ్లకు.

ఆ కేంద్రం రావడం మంచిదే. కాకపోతే ఎఫ్.ఎం. తరంగం దాదాపు చూపు ఆనినంత మేరే పోతుంది. టవర్ ఎంత ఎత్తు ఉంటే అంత దూరం, కొండ అడ్డం వస్తే అక్కడితో సరి. ఉదయగిరి నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్లు, కొండల నడుమ. చేపల వేటకు చాలా లోపలికి వెళ్లిన బోటుదీ అదే పరిస్థితి.

మీడియం వేవ్‌ను డిజిటల్ చేసే డీ.ఆర్.ఎం. పద్ధతిని ఆకాశవాణి దేశంలో చాలా ట్రాన్స్‌మీటర్లకు అమర్చింది. దాన్ని పట్టే సెట్లు కొన్ని కొత్త కార్లలో ఉన్నాయి గాని, సంతలో కొనుక్కునే రేడియోలో లేవు. ఫోన్‌లో యాప్ ఉందిగా అంటారు. సెల్ టవర్ బ్యాటరీ అయిపోయి, జనరేటర్‌కు డీజిల్ అందకపోతే ఆ యాప్ పనిచేయదు. తుపాను రాత్రి అదే జరుగుతుంది. ఏ మీడియం వేవ్ ట్రాన్స్‌మీటర్ ఆపాలో నిర్ణయించేవాళ్లు అది ఉన్న ఊళ్లో దాన్ని ఎంతమంది వింటున్నారని చూస్తే చాలదు. రామాయపట్నం నుంచి తూపిలిపాలెం దాకా తీరంలో కరెంటు పోయిన రాత్రి ఇంకేం వినపడుతుందో కూడా చూడాలి.