థాలేట్లు: నీళ్ల సీసా సంగతి సరే, నూనె తోడే గొట్టం చూశారా?

విజయవాడ ఆటోనగర్‌లో రెక్సిన్‌కీ, గార్డెన్ పైపులకీ పీవీసీ అనే ప్లాస్టిక్ మిక్సింగ్ చేయడం నా పని. గట్టి పీవీసీని మెత్తబరిచే నూనెని మేం డీఓపీ అంటాం, పుస్తకాల్లో డీఈహెచ్‌పీ. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే ఇలాంటి నూనెల కుటుంబమే థాలేట్లు. వాటిలో ఎక్కువ చెడ్డపేరు మోసింది ఇదే. ఇవి హార్మోన్లకి అడ్డుపడతాయని జనం భయపడుతున్నారు, కానీ భయపడాల్సిన చోట కాదు.

అపోహ: ప్లాస్టిక్ అయితే చాలు, థాలేట్ ఉన్నట్టే.
కూరల కవరు పాలిథీన్, ఫంక్షన్ హాలు కుర్చీ పాలీప్రొపిలీన్. వాటికి ఈ నూనెతో పనిలేదు. ఇంటికి నీళ్లొచ్చే గట్టి పీవీసీ పైపులోనూ కలపరు. మెత్తటి పీవీసీలో మాత్రం బరువులో 30-40 శాతం దాకా ఇదే: డైనింగ్ టేబుల్ మీది పారదర్శక షీటు, రెక్సిన్ సీటు, వైరు తొడుగు, సన్న గొట్టాలు.

అపోహ: కారులో ఎండకి వదిలేసిన సీసా నీళ్లలోకి థాలేట్లు దిగుతాయి.
ఆ సీసా పెట్ అనే వేరే ప్లాస్టిక్‌తో చేసింది. అందులోది టెరిథాలేట్, అదీ ప్లాస్టిక్ అణువుల గొలుసులో భాగం, విడిగా కలిపిన నూనె కాదు. డీఓపీ అణువులో రెండు కొమ్మలూ ఆరు కార్బన్ల బెంజీన్ వలయానికి పక్కపక్కన ఉంటే, ఇందులో ఎదురెదురుగా ఉంటాయి. శరీరంలో రెండిటి తీరూ వేరు. సీసాని ఎండలో పెట్టొద్దనడానికి కారణం, పెట్‌లోంచి నీళ్లలోకి దిగే ఆంటిమొనీ, అసిటాల్డిహైడ్ లాంటి వేరే రసాయనాలు. నిజానికి ఆ కారులోనే అద్దం లోపలివైపు పేరుకునే జిడ్డు పొరలో, సీట్ల నుంచి ఆవిరైన మా నూనెకి కూడా వాటా ఉంటుంది. దాని గురించి ఎవరూ అడగరు!

అపోహ: కొత్త రెక్సిన్ వాసనే థాలేట్ వాసన.
డీఓపీకి దాదాపు వాసనే లేదు. ఆ ఘాటు తయారీలో వాడే సాల్వెంట్లది, పీవీసీ చెడకుండా కలిపే స్టెబిలైజర్లది.

అపోహ: ప్లాస్టిక్‌లో కలిసిపోయాక ఇక బయటికి రాదు.
అసలు చూడాల్సింది ఇక్కడ. డీఓపీకి పీవీసీతో రసాయన బంధం ఉండదు. దూదిలో నీళ్లలా ఊరికే పట్టి ఉంటుంది. పాత సీటు పెళుసెక్కి పగలడానికి ఒక కారణం అది మెల్లగా జారిపోవడమే. నీళ్లలో దాదాపు కరగదు గానీ నూనె, నెయ్యి, పాలకొవ్వు తగిలితే తేలిగ్గా వచ్చేస్తుంది, వేడి తోడైతే ఇంకా త్వరగా. అందుకే కిరాణా కొట్లో డ్రమ్ములోంచి నూనె తోడే మెత్తటి గొట్టం నాకు నీళ్ల సీసా కన్నా పెద్ద అనుమానం. అరిసెలు తట్టేది పాల కవరు మీదైతే అది పాలిథీన్, ఈ బెంగ లేదు. మిగిలిన టేబుల్ షీటు ముక్క మీదైతే వద్దు. ఆవకాయ జాడీ మూతికి దాన్ని కట్టడమూ వద్దు.

అపోహ: చుక్క పడితే విషం. / అపోహ: ఒంట్లోంచి పోతుంది కాబట్టి ఏమీ కాదు.
రెండూ తప్పే. ఎలుకల్లో సగాన్ని చంపే మోతాదు కిలో బరువుకి 25 గ్రాముల పైమాటే, అంటే తక్షణ విషం కాదు. శరీరం దాన్ని ఎంఈహెచ్‌పీ అనే ముక్కగా, ఇంకా వేరే ముక్కలుగా విరిచి, చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పంపేస్తుంది. కానీ రోజూ కొంత లోపలికి వెళ్తూనే ఉంటుంది. గర్భంలోని మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తయారయ్యే వారాల్లో అది అడ్డుపడుతుందేమోనన్నదే దిగులు. ఎలుకల్లో వృషణాలు దిగకపోవడం, మూత్రద్వారం చోటు తప్పడం స్పష్టంగా కనిపించాయి. మనుషుల్లో 2005లో ఒక అమెరికా అధ్యయనం, తల్లి మూత్రంలో కొన్ని థాలేట్ల అవశేషాలు ఎక్కువున్నప్పుడు మగబిడ్డల జననాంగ కొలతల్లో తేడా చూసింది. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2019లో నాలుగు థాలేట్లకి కలిపి, రోజుకి కిలో శరీర బరువుకి 50 మైక్రోగ్రాములు హద్దుగా పెట్టింది. నా ఉద్దేశంలో గర్భిణులకి జాగ్రత్త చెప్పడానికి ఇది చాలు, బెదరగొట్టడానికి చాలదు.

అపోహ: రక్తం సంచిలోనూ ఇదే ఉంది కాబట్టి ఎక్కించుకోకూడదు.
ఉన్న మాట నిజమే. ఎర్రకణాల పొరని అది నిలబెడుతుంది కూడా, నిల్వలో తక్కువ పగులుతాయి. రక్తం అవసరమైనవాళ్లు ఇది విని వద్దనడం అన్యాయం. రోజుల తరబడి గొట్టాలతో ఉండే నెలలు నిండని పసికందుల విషయంలోనే ఆసుపత్రులు వేరే రకం గొట్టాల గురించి ఆలోచిస్తాయి.

అపోహ: పిల్లల బొమ్మలకి ఏ నియమమూ లేదు.
2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బొమ్మల భద్రతకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 9873లో తొమ్మిదో భాగం థాలేట్ల గురించే. గుర్తు లేకుండా బండి మీద అమ్మే, నొక్కితే కూసే మెత్తటి బొమ్మ నోట్లో పెట్టుకునే పిల్లలకి కొనకండి. టోకున కొనే వ్యాపారులైతే ‘ఇందులో పోసింది డీఓపీయా, డీఓటీపీయా?’ అని అడిగి ల్యాబ్ రిపోర్టు చూడండి. రెండోది టెరిథాలేట్ రకం.