సిగ్నల్ మీద వాక్యం చెప్పబోయే పిల్లలకు

విజయవాడ
గురువారం రాత్రి

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో వందనాలు. యవ్వనస్థుల ఆదివారం నాడు ఆరాధన మీరే నడిపించాలని అయ్యగారు ప్రకటించిన దగ్గర్నుంచి మీ టెన్షన్ చూస్తూనే ఉన్నాను. నిన్న మందిరం మెట్ల మీద నలుగురూ నన్ను ఆపి, "తాతయ్యా, మాకిచ్చిన అంశం సిగ్నల్. మంచి ఉదాహరణలు చెప్పండి" అన్నారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పాను, దాదాపు అన్నేళ్ళూ మందిరంలో వాక్యం చెప్పాను. అయినా ఉదాహరణ ఎలా చెప్పాలో నాకు నేర్పింది ఒక రైలు డ్రైవరుగారు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఒక ఆదివారం ప్రసంగంలో రోడ్డు మీది లైట్లనీ రైలు సిగ్నల్నీ ఒకటే అనుకుని చెప్పేశాను. ఎరుపంటే ఆగు, పసుపంటే బయల్దేరడానికి సిద్ధపడు, ఆకుపచ్చంటే వెళ్ళు. "ప్రభువు పసుపు దీపం చూపించినప్పుడు మనం సంచి సర్దుకుని ఉండాలి" అన్నాను. ఆమెన్‌లు బాగానే వినిపించాయి. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే, గూడ్సు బండి నడిపే ఒకాయన మెల్లగా నా చెయ్యి పట్టుకుని ప్రహరీ గోడ దగ్గరికి తీసుకెళ్ళారు. "మాస్టారూ, వాక్యం బాగుంది. కానీ మాకు పసుపు పడితే బయల్దేరడానికి సిద్ధపడం, ఆగడానికి సిద్ధపడతాం" అన్నారు.

గోడ మీద వేలితో ఒకదాని కింద ఒకటి నాలుగు చుక్కలు పెట్టి చూపించారు. రోడ్డు మీద ఎరుపు పైన ఉంటుంది, వాళ్ళకి అట్టడుగున ఉంటుంది. ఒక్క పసుపు వెలిగిందంటే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండమని అర్థం. రెండు పసుపులు వెలిగితే, తర్వాతి సిగ్నల్‌ను తగ్గించిన వేగంతో దాటడానికి సిద్ధంగా ఉండమని. ఆకుపచ్చ వస్తే సాగిపోవచ్చు. ఇన్ని మెట్లు ఎందుకండీ అని అడిగాను. "బండి మన సైకిల్లాంటిది కాదు మాస్టారూ. నిండు లోడుతో వేగంగా వస్తున్న బండి ఆగాలంటే కిలోమీటరు దాకా పట్టొచ్చు. ఎరుపు కళ్ళబడ్డాక బ్రేకు వేస్తే అప్పటికే దాటిపోతాం. అందుకే ముందు నుంచీ చెప్పుకుంటూ వస్తారు" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సిగ్గుతో మాత్రమే కాదు. ఆయన చెప్పిన నిజంలో నేను అల్లిన ఉదాహరణ కంటే ఎంతో గొప్ప వాక్యం ఉంది. నీనెవె పట్టణానికి యోనా ప్రవక్త ఏం ప్రకటించాడు? ఇంకా 40 దినాలు, ఆ తర్వాత పట్టణం నాశనమవుతుంది అన్నాడు. ఎప్పుడు చదివినా ఆ నలభైని నేను గడువుగానే చూశాను, బెదిరింపుగా చూశాను. డ్రైవరుగారు చెప్పాక అది ఒక పట్టణం ఆగడానికి దేవుడు ముందుగా ఇచ్చిన దూరంలా కనిపించింది. ఒక్కసారిగా ఎరుపు చూపించి ఊరుకోలేదాయన. నీనెవె వాళ్ళు పసుపు దగ్గరే బ్రేకు వేశారు, రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. తర్వాతి ఏడాది ఇదే వాక్యం చెప్పినప్పుడు డ్రైవరుగారు రెండో వరసలో కూర్చుని తల ఊపుతూ విన్నారు. ఆ రోజు నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

మీరు ఏ సిగ్నల్ ఎత్తుకున్నా, దాన్ని నమ్ముకుని పనిచేసే మనిషి మీ ఎదురుగా కూర్చుని ఉన్నాడనుకుని చెప్పండి. మన సంఘంలో నిజంగానే ఉంటారు కూడా. ఇది విజయవాడ, ఏ బల్ల మీద చూసినా ఒక రైల్వే కుటుంబం ఉంటుంది.

డ్రైవరుగారి దగ్గర ఇంకోటి విన్నాను. ఇంజన్లో ఇద్దరు ఉంటారు. సిగ్నల్ కనబడగానే ఇద్దరూ చూసి, ఏ రంగో ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. కళ్ళతో చూస్తే చాలదట, నోటితో అనాలి, పక్కవాడు వినాలి. మీలో ఎవరైనా ఒంటరిగా ఏదో పెద్ద నిర్ణయం తీసుకుని, "దేవుడు నాకు చెప్పాడు" అనే ముందు ఈ ఇంజన్ గదిని ఒకసారి తలుచుకోండి.

ఇప్పుడు పట్టాల సంగతి. ఇది మీలో సైన్సు గ్రూపు వాళ్ళకి బాగా నచ్చుతుంది. రైలు ఫలానా చోట ఉందని సిగ్నల్‌కి ఎలా తెలుస్తుంది? చాలా చోట్ల రెండు పట్టాల్లోంచి సన్నగా కరెంటు పంపిస్తారు. ఆ కరెంటు అవతలి చివర ఒక రిలేని, అంటే కరెంటుతో పనిచేసే ఒక స్విచ్చుని, ఎత్తి పట్టుకుని ఉంచుతుంది. బండి వచ్చిందంటే దాని చక్రాలూ ఇరుసూ రెండు పట్టాల్నీ కలిపేస్తాయి, కరెంటు అటే తిరిగిపోతుంది, రిలే కింద పడుతుంది, వెనకాల సిగ్నల్ ఎరుపవుతుంది. ఇంతవరకూ మామూలే. అసలు అందం ఇక్కడుంది. పట్టా విరిగినా కరెంటు ఆగుతుంది. వైరు తెగినా, బ్యాటరీ చచ్చిపోయినా ఆగుతుంది. అప్పుడు కూడా రిలే కింద పడుతుంది, ఎరుపే వస్తుంది. లోపల ఏది పాడైనా, ప్రమాదం లేదని మాత్రం అది చెప్పకూడదు. అలా కట్టారు దాన్ని.

మన మనస్సాక్షి అలా ఉందా? తిమోతికి రాసిన మొదటి పత్రికలో, నాలుగో అధ్యాయంలో, పౌలు వాతవేయబడిన మనస్సాక్షి గురించి రాశాడు. పాడైపోయిన మనస్సాక్షి ఎరుపు చూపించదు పిల్లలూ. హాయిగా ఆకుపచ్చ చూపిస్తుంది. మొదటిసారి అబద్ధం చెప్పినప్పుడు గుండె దడదడలాడింది, పదోసారికి ఏమీ కాలేదు. ఆ "ఏమీ కాలేదు" అన్నది చూసి భయపడాలి మనం.

వాత అన్న మాట దగ్గరే ఇంకాసేపు ఆగుతాను. కాలిన చోట చర్మం మొద్దుబారుతుంది, స్పర్శ పోతుంది. నొప్పి కూడా ఒక సిగ్నలే కదా. దీని గురించి మీరు తప్పక తెలుసుకోవాల్సిన మనిషి డాక్టర్ పాల్ బ్రాండ్. తమిళనాడులోని కొల్లిమలైలో 1914లో మిషనరీల ఇంట పుట్టాడు. ఇంగ్లండులో డాక్టరై, 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. కుష్ఠు వ్యాధిలో వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవారు. ఆయన ఓపికగా కనిపెట్టి చూశాడు. ఆ సూక్ష్మజీవి నరాల్ని దెబ్బతీస్తుంది, దాంతో నొప్పి తెలియదు. పొయ్యి మీది వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు, కాల్లో మేకు దిగినా తెలియక అలాగే నడుస్తారు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికినా మెలకువ రాదు. ఆ గాయాలు పెరిగి పెరిగి అవయవాలు పోతున్నాయి. నొప్పి లేకపోవడమే వాళ్ళకి అంత నష్టం చేసింది.

తర్వాత ఆయన అమెరికాలో, లూసియానాలోని కార్విల్ ఆస్పత్రిలో పనిచేస్తున్నప్పుడు, నొప్పి తెలియని వాళ్ళ కోసం కృత్రిమ నొప్పి తయారుచేయాలని చూశాడు. చేతి తొడుగుల్లో ఒత్తిడిని గుర్తించే చిన్న పరికరాలు పెట్టి, ఒత్తిడి ఎక్కువైతే హెచ్చరిక వచ్చేలా చేశారు. శబ్దం పెట్టి చూశారు, జనం పట్టించుకోలేదు. చివరికి షాక్ కొట్టేలా కూడా పెట్టారు. ఏదైనా పని తప్పకుండా చేయాలనుకున్న మనిషి ఏం చేసేవాడో తెలుసా? మీట ఆపేసి, ఆ పని కానిచ్చి, మళ్ళీ మీట వేసుకునేవాడు. ఆ ప్రయత్నం అక్కడితో వదిలేశారు. దావీదు రాజు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చిన రోజు గురించి ఎవరైనా చెప్పాలనుకుంటే, ఈ మీట గురించి చెప్పండి. పరాయివాడి భార్య బత్షెబ సంగతిలో పాపం చేసి, నెలల తరబడి మీట ఆపేసుకుని కూర్చున్నాడు రాజు. నాతాను గొర్రెపిల్ల కథ చెప్పి దాన్ని మళ్ళీ వేశాడు.

ఈ ఉదాహరణ చెప్పేటప్పుడు ఒక్క మాట జాగ్రత్త. కుష్ఠు వ్యాధి పేరును పాపానికి మారుపేరుగా వాడకండి. పెద్ద పెద్ద ప్రసంగీకులు కూడా వాడుతుంటారు, నాకు వినబుద్ధి కాదు. అది మందులతో నయమయ్యే జబ్బు. ఆ జబ్బు వచ్చి తగ్గినవాళ్ళు, వాళ్ళ పిల్లలు మన బల్లల మీద కూర్చుని ఉండొచ్చు. ప్రభువు ఆ రోగిని చెయ్యి చాపి ముట్టాడని మత్తయి ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ముందు అది చదివి మొదలుపెట్టండి.

మీ గ్రూపులో మొన్న ఎవరో పంపిన సంగతి చూశాను. నాసా కంప్యూటర్లు లెక్కలు వేస్తుంటే ఒక రోజు తక్కువ వచ్చిందట, అది యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిన రోజేనని తేలిందట. అది నిజం కాదు. నాసా అలాంటిదేదీ కనిపెట్టలేదు. గతంలో ఒక రోజు తప్పిపోయిందో లేదో కంప్యూటరు లెక్కకి తెలిసే దారే లేదు, ఎందుకంటే గ్రహాలు ఇప్పుడున్న చోటు నుంచే వెనక్కి లెక్కిస్తారు. నేను ఎనిమిదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, గట్టిగానే చెబుతున్నాను. యెహోషువ గ్రంథం పదో అధ్యాయానికి మన అబద్ధపు సాక్ష్యం అక్కర్లేదు. పది ఆజ్ఞల్లో తొమ్మిదోది పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పొద్దంటుంది. దేవుని పక్షాన మాత్రం చెప్పొచ్చని ఎక్కడుంది? ఇంటర్ చదివే కుర్రాడు ఇంటికెళ్ళి ఫోన్లో వెతికి అది కట్టుకథని తెలుసుకుంటే, మీరు ఆ ఉదయం చెప్పిన పునరుత్థానాన్ని కూడా అదే గంపలో వేస్తాడు. నాకున్న దిగులంతా ఆ కుర్రాడి గురించే.

మొబైల్ సిగ్నల్ ఉదాహరణ ఎటూ మీరు చెబుతారు. "దేవుని లైను ఎప్పుడూ బిజీ ఉండదు" అన్నది అందరూ విని విని ఉన్నారు. చెప్పాలనుకుంటే కొత్తగా చెప్పండి. టవర్‌కి దూరంగా వెళ్ళినకొద్దీ ఫోను దాన్ని అందుకోవడానికి ఎక్కువ శక్తి పెడుతుంది, అందుకే పల్లెకి వెళ్ళినప్పుడు ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది. దూరంగా ఉన్నవాడే ఎక్కువ అలిసిపోతాడు. తప్పిపోయిన కుమారుడి కథ పక్కన ఇది బాగా కుదురుతుంది.

వరద హెచ్చరికల గురించి మాత్రం ఆచితూచి మాట్లాడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది అని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో అది 11 లక్షలు దాటింది. మనందరి కళ్ళూ కృష్ణా నది మీదే. సింగ్‌నగర్ వైపు ఇళ్ళల్లోకి వచ్చింది మాత్రం బుడమేరు వాగు నీళ్ళు. మనం కాపలా కాసే వైపు నుంచే శోధన రాదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. కానీ ఆ నీళ్ళల్లో సామానంతా పోగొట్టుకున్నవాళ్ళు మీ ఎదురుగా ఉంటారు. వాళ్ళ ఇంటికి ఒకసారి వెళ్ళి, కూర్చుని, ఆ రోజుల గురించి విని, వాళ్ళు సరేనంటేనే చెప్పండి.

దానికి బదులు బందరు పోర్టు హెచ్చరికలు తీసుకోవచ్చు. తుపాను వస్తే "మచిలీపట్నంలో మూడో నంబరు హెచ్చరిక" అని వార్తల్లో వింటారు కదా. ఆ నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 8, 9, 10 మహా ప్రమాదానివి. మరి 11? చాలామంది అన్నిటికన్నా పెద్ద తుపాను అనుకుంటారు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారి మాత్రం ముప్పు ఉందనే అనుకుంటున్నాడు అని దానర్థం. పైనుంచి మాట రావడం లేదు, అయినా కాపలా వదల్లేదు, తనకి తెలిసినంతలో నావలకి చెబుతున్నాడు. సమూయేలు చిన్నవాడుగా ఉన్న రోజుల్లో దేవుని వాక్కు అరుదుగా ఉండేది, కానీ మందిరంలో దీపం ఇంకా ఆరిపోలేదు, పిల్లవాడు దాని దగ్గరే పడుకుని ఉన్నాడు. ఈ రెంటినీ కలిపి మీలో చిన్నది చెబితే బాగుంటుంది. దాని గొంతుకి అది సరిపోతుంది.

డ్రైవరుగారు రిటైరయ్యారు, సత్యనారాయణపురంలోనే ఉంటున్నారు. మీ గురించి చెప్పాను, శనివారం సాయంత్రం 5 గంటలకి రమ్మన్నారు. బైబిలూ నోటు పుస్తకమూ తెచ్చుకోండి. అడగాలనుకున్నవన్నీ ముందే రాసుకోండి, ఆయనకి మోకాళ్ళ నొప్పి, ఎక్కువసేపు కూర్చోలేరు. ఇంటి ముందు చెప్పులు వరసగా విడవండి, అమ్మగారికి అలా ఉంటే ఇష్టం.

ప్రభువునందు,
మీ మాస్టారు తాతయ్య