బెత్తం టీచర్‌కే పాఠం చెబుతుంది

మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు వాళ్ళబ్బాయి రెండో తరగతి. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి వాడికి కడుపునొప్పి మొదలవుతుంది. డాక్టర్‌కి చూపిస్తే ఏమీ లేదన్నారు. "వీళ్ళ టీచర్ మరీ స్ట్రిక్టేమో అనిపిస్తోందండీ" అన్నారు వాళ్ళమ్మగారు. కొడతారా అని అడిగాను. "అబ్బే, వీణ్ణి ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. వీడు బుద్ధిగానే కూర్చుంటాడు. పక్కవాళ్ళ మీద అరుస్తారట, నిలబెడతారట." వాళ్ళ నాన్నగారు మాత్రం పేపర్లోంచి తల ఎత్తకుండానే తేల్చేశారు: "మేం తిన్న దెబ్బల ముందు ఇదెంత? ఆ భయం ఉండబట్టే మాకు నాలుగు అక్షరం ముక్కలు వచ్చాయి."

ఆయన్ని తప్పుపట్టలేను. శిక్షల పేర్లకి మన భాషలో కొదవ లేదు. గోడకుర్చీ, గుంజీళ్ళు, తొడపాశం, మొట్టికాయ. వీధిబడుల రోజుల్లో అయితే దూలానికి వేలాడదీసే కోదండం. పైగా "దండం దశగుణం భవేత్" అని సంస్కృతాన్ని సాక్ష్యానికి పిలుచుకున్నాం. ఇన్ని తరాల వాళ్ళు ఇంత గట్టిగా నమ్మారంటే ఊరికే నమ్మి ఉండరు, కళ్ళారా ఏదో చూసే ఉంటారు. ఆ చూసింది ఏమిటన్నదే ఆసక్తికరమైన ప్రశ్న.

2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్‌కి ఒకప్పుడు ఇజ్రాయెల్ వైమానిక దళంలో ఇదే ప్రశ్న ఎదురైంది. తిట్టడం కంటే మెచ్చుకోవడం వల్లే బాగా నేర్చుకుంటారని ఆయన అక్కడి శిక్షకులకు చెబుతున్నాడు. ఒక సీనియర్ శిక్షకుడు లేచి అడ్డం తిరిగాడు. విమానం బాగా నడిపిన కుర్రాణ్ణి మెచ్చుకుంటే తర్వాతి సారి పాడు చేస్తున్నాడని, ఘోరంగా నడిపినవాడి మీద అరిస్తే తర్వాతి సారి బాగుపడుతున్నాడని, తను ఇది ఎన్నోసార్లు చూశానని అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. తను చూసింది నిజమే, దానికి చెప్పుకున్న కారణమే తప్పు.

మన లెక్కలోకి తెచ్చుకుందాం. ఒక పిల్లవాడికి డిక్టేషన్‌లో 20కి మామూలుగా 12 వస్తాయి. ఒకరోజు నిద్ర చాలకో, తెలియని మాటలు పడో 6 వచ్చాయి. టీచర్ గట్టిగా అరిచింది. మర్నాడు 11. ఇంకోరోజు అన్నీ తెలిసిన మాటలే పడి 18 వచ్చాయి. టీచర్ భుజం తట్టింది. మర్నాడు 13. అరవకపోయినా, భుజం తట్టకపోయినా ఆ పిల్లవాడు 12 దగ్గరికే తిరిగి వచ్చేవాడు. మరీ చెడ్డ రోజు తర్వాత వచ్చేది సాధారణంగా అంతకంటే మంచి రోజే. మరీ మంచి రోజు తర్వాత వచ్చేది అంతకంటే మామూలు రోజే. గణాంకశాస్త్రంలో దీన్ని సగటుకు మళ్ళడం అంటారు. మనం తిట్టేది చెడ్డ రోజున, మెచ్చుకునేది మంచి రోజున. అందుకని తిట్టు పనిచేసినట్టూ, మెప్పు చెడగొట్టినట్టూ కనిపిస్తుంది. కానెమన్ ఆ శిక్షకులందరి చేతా వెనక ఉన్న గురి వైపు, తిరిగి చూడకుండా, రెండేసి సార్లు నాణేలు విసిరించాడు. మొదటిసారి బాగా వేసినవాళ్ళు చాలావరకు రెండోసారి తగ్గారు, మొదట పాడుచేసినవాళ్ళు మెరుగయ్యారు. అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు.

దీన్ని 1985లో పాల్ షాఫ్నర్ అనే పరిశోధకుడు మరింత సూటిగా చూపించాడు. కంప్యూటర్ తెర మీద ఒక ఊహాజనిత పిల్లవాడు రోజూ బడికి వచ్చే టైము కనిపిస్తుంది. పాల్గొన్నవాళ్ళు టీచర్ స్థానంలో కూర్చుని వాణ్ణి మెచ్చుకోవచ్చు, మందలించవచ్చు. నిజానికి ఆ టైములు యాదృచ్ఛికంగా ముందే వేసి ఉంచినవి. ఏం అన్నా మారవు. అయినా చివరికి ఎక్కువమంది మందలింపే బాగా పనిచేసిందని తేల్చారు. లేని పిల్లవాడు కూడా తిడితే దారికొచ్చాడన్నమాట!

దీనికి తోడు ఇంకొకటి ఉంది. నలభైమంది ఉన్న క్లాసులో టీచర్ బల్ల మీద బెత్తంతో ఒక్కటి కొడితే గోల రెండు సెకన్లలో ఆగిపోతుంది. తలనొప్పితో ఉన్న మనిషికి ఆ నిశ్శబ్దం ఎంత హాయి! మళ్ళీ గోల మొదలైతే చెయ్యి దానంతటదే బెత్తం వైపు వెళుతుంది. ఆ గదిలో అందరికంటే త్వరగా నేర్చుకుంటున్నది టీచరే.

మరి పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు? 47కి 38 కలపాలంటే ఏడూ ఎనిమిదీ పదిహేను, అయిదు వేసి ఒకటి మనసులో పెట్టుకోవాలి. ఆ ఒకటి నిలబడే చోటు మెదడులో నుదుటి వెనక భాగం. భయం వేసినప్పుడు అమిగ్డలా అనే చిన్న భాగం గంట కొడుతుంది, అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలవుతాయి, గుండె వేగం పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. కుక్క వెంటపడితే పరిగెత్తడానికి ఇది చక్కటి ఏర్పాటు. అదే సమయంలో నుదుటి వెనక భాగం పట్టు సడలుతుంది, మనసులో పెట్టుకున్న ఒకటి జారిపోతుంది. అప్పటిదాకా వచ్చిన లెక్క బోర్డు దగ్గరికి పిలవగానే రాకుండా పోవడం మనలో చాలామందికి అనుభవమే. భయం జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది కూడా. కాకపోతే ఆ జ్ఞాపకం బెత్తానిది, మేష్టారి ముఖానిది. దెబ్బ తిన్న రోజు యాభై ఏళ్ళకీ గుర్తుంటుంది, ఆ రోజు చెప్పిన పాఠం ఏమిటో అడిగి చూడండి.

భయంతో అసలేమీ రాదనడం కూడా సరికాదు. 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు రెండు పెట్టెలు చూపించి, తప్పు పెట్టెలోకి వెళితే కరెంటు షాకిచ్చారు. తేడా తేలిగ్గా కనిపించేటప్పుడు షాకు పెరిగేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా పసిగట్టడం కష్టమైనప్పుడు ఓ మాదిరి షాకు వరకే పనిచేసింది, అది దాటాక నేర్చుకోవడం మందగించింది. ఎలుకల సంగతి పిల్లలకి నేరుగా అంటగట్టకూడదు గానీ, పన్నెండో ఎక్కం బెత్తం కింద వచ్చినా మాటల్లో ఇచ్చిన లెక్క ఎందుకు రాదో ఆలోచించడానికి పనికొస్తుంది.

నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది 2011లో విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం. పశ్చిమ ఆఫ్రికాలో రెండు బళ్ళు. ఒకదానిలో తప్పుకి కర్రతో కొట్టడం, గిల్లడం మామూలు. రెండోదానిలో మందలింపే. మూడు నాలుగేళ్ళ పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, వెనక ఉన్న బొమ్మ ఏమిటో చప్పుడుని బట్టి చెప్పమన్నారు, తిరిగి చూడొద్దన్నారు, కాసేపు గదిలో వదిలి వెళ్ళారు. రెండు బళ్ళలోనూ చాలామంది తొంగిచూశారు. తేడా తర్వాత వచ్చింది. కొట్టే బడి పిల్లలు ఎక్కువమంది చూడలేదని బొంకారు. పైగా తర్వాతి ప్రశ్నలకు దొరక్కుండా జవాబు చెప్పడంలో వాళ్ళదే పైచేయి. ఆ వయసుకి అది చిన్న ప్రతిభ కాదు.

ఇక కింది అంతస్తు అబ్బాయి సంగతి. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు కదా? అమెరికాలో జేకబ్ కూనిన్ అనే ప్రొఫెసర్ ఒకసారి క్లాసులో పేపర్ చదువుకుంటున్న విద్యార్థిని మందలించాడు. అతనితోపాటు మిగతావాళ్ళు కూడా సర్దుకుని కూర్చోవడం ఆయన్ని ఆకర్షించింది. చెరువులో రాయి వేస్తే అలలు ఒడ్డు దాకా పోయినట్టు, ఒకరిని అన్నమాట చూసేవాళ్ళందరికీ తగులుతుంది. తోటి పరిశోధకుడు పాల్ గంప్‌తో కలిసి ఆయన చిన్నపిల్లల తరగతుల్లో ఇదే గమనించాడు. టీచర్ ఏం చేయకూడదో, ఎందుకో స్పష్టంగా చెప్పినప్పుడు చూసే పిల్లలు దాన్ని పాటించారు. కోపంగా విసురుగా అన్నప్పుడు వాళ్ళు బుద్ధిగా మారలేదు, కలవరపడ్డారు.

ఆ తర్వాత కూనిన్ ఏళ్ళ తరబడి క్లాసుల్ని వీడియో తీసి 1970లో ఒక మాట చెప్పాడు. గోల జరిగాక టీచర్లు ఏం చేస్తారన్నదాన్ని బట్టి మంచి క్లాసు, చెడ్డ క్లాసు తేలలేదు. గోల మొదలవక ముందు వాళ్ళు ఏం చేస్తారన్నదే తేడా. బోర్డు మీద రాస్తూనే వెనక బెంచీలో ఏం జరుగుతోందో తెలిసిన టీచర్, ఒక పని నుంచి ఇంకో పనిలోకి ఖాళీ లేకుండా నడిపించే టీచర్ అరవాల్సిన అవసరమే తక్కువ. మనకి అలాంటి మేష్టారు ఒక్కరైనా ఉండే ఉంటారు. "ఆయనకి వీపున కళ్ళున్నాయిరా" అనుకునేవాళ్ళం. ఆయన స్ట్రిక్టే. హోంవర్క్ చేయకపోతే వదిలేవారు కాదు. కానీ ఈరోజు ఆయన మూడ్ ఎలా ఉందో అని తలుపు దగ్గర తొంగిచూడాల్సిన పని ఉండేది కాదు. డౌట్ అడిగితే వెక్కిరిస్తారనే టెన్షన్ కూడా లేదు. నన్నడిగితే కఠినానికీ భయపెట్టడానికీ గీత అక్కడే ఉంది, గొంతు పెద్దదా చిన్నదా అన్నదానిలో లేదు.

చట్టం కూడా ఒక్క బెత్తాన్నే పట్టుకోలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతోపాటు మానసిక వేధింపునీ నిషేధించింది. అంతకు ముందు నుంచీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల జీవితాల్ని వెంబడిస్తూ వచ్చిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో, 2009 ప్రాంతంలో అడిగినప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లల్లో 78 శాతం మంది అంతకు ముందు వారంలో టీచర్ చేతి దెబ్బ తిన్నామని చెప్పారు. ఇంతమందికి తగిలే దెబ్బని క్రమశిక్షణ అనడం కంటే వాతావరణం అనడం నయం.

కూనిన్, గంప్ 1961లో ఒకటో తరగతి పిల్లల్ని ఒక చిన్న ప్రశ్న అడిగారు: బడిలో చేయకూడని అన్నిటికంటే చెడ్డ పని ఏది? భయపెట్టే టీచర్ల పిల్లలు ఎక్కువగా కొట్టుకోవడం, దెబ్బలు తగలడం గురించి చెప్పారు. మిగతా పిల్లల మాటల్లో చదువు, నేర్చుకోవడం ఎక్కువగా వచ్చాయి.

టీచర్ దగ్గరికి వెళ్ళే ముందు ఇంట్లో ఇదే ప్రశ్న అడిగి చూడమని ఆ అబ్బాయి వాళ్ళమ్మగారికి చెప్పాను. రెండు రోజుల తర్వాత లిఫ్టు దగ్గర కలిశారు. అడిగారట. వాడు చాలాసేపు ఆలోచించి, "పెన్సిల్ ముక్కు విరగడం" అన్నాడట.