మంచాన పడ్డవాడు పెట్టిన బ్యాండ్

చిరంజీవులు పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. కాలేజీలో మీరు నలుగురూ కలిసి బ్యాండ్ పెట్టారనీ, ఫెస్ట్‌లో రెండు పాటలు బాగానే వాయించి మూడో పాటకి కంగారుపడి దిగిపోయారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "మీరైనా నాలుగు మాటలు చెప్పండి నాన్నా" అంది. చెప్తానన్నాను. తను అనుకున్న నాలుగు మాటలు కావు నేను రాయబోయేవి. స్కాట్లాండ్‌లో బెల్ అండ్ సెబాస్టియన్ అని ఒక బ్యాండ్ ఉంది. మీ మావయ్య గ్లాస్గోలో చదివిన రోజుల్లో తెచ్చిన సీడీల వల్ల నాకు పరిచయం. ఆ బ్యాండ్ కథ రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

దాని పెద్ద దిక్కు స్టువర్ట్ మర్డాక్. 1968లో అయర్ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టాడు. గ్లాస్గో యూనివర్సిటీలో చదువుతూ, స్టూడెంట్ యూనియన్‌లో డీజేగా రికార్డులు వేస్తూ హుషారుగా తిరిగే కుర్రాడు. ఇరవై ఏళ్లు దాటాయో లేదో జబ్బు పడ్డాడు. ఎంఈ అంటారు, క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని కూడా అంటారు. ఎంత పడుకున్నా తీరని నీరసం. కాస్త శ్రమపడితే ఆ ఫలితం ఒకటి రెండు రోజులు ఆగి మీద పడుతుంది, మళ్లీ మంచమే. పరీక్షల్లో ఏమీ కనిపించదు కాబట్టి ఆ రోజుల్లో డాక్టర్లే చాలామంది దీన్ని జబ్బు కింద లెక్కవేసేవాళ్లు కాదు. మన ఇళ్లలో అయితే "ఒళ్లు వంచడానికి బద్ధకం" అని తేల్చేసేవాళ్లు. కోవిడ్ వచ్చి తగ్గాక నెలల తరబడి లేవలేకపోయినవాళ్లని చూశాకే ఇలాంటిదొకటి ఉందని చాలామంది నమ్మారు.

అలా దాదాపు ఏడేళ్లు. చదువు ఆగిపోయింది, ఉద్యోగం లేదు, మళ్లీ అమ్మానాన్నల దగ్గరికే చేరాడు. చిన్నప్పుడు నేర్చుకున్న పియానో ఒక్కటే తోడు. ఆ ఖాళీలోనే పాటలు కట్టడం మొదలుపెట్టాడు. బస్సులో ఎదురుగా కూర్చున్నవాళ్లు, స్కూల్లో ఎవరికీ పట్టని పిల్లలు, ఆటల పోటీల్లో గెలిచేవాళ్లని దూరం నుంచి చూసే అమ్మాయిలు, వీళ్లే ఆ పాటల్లో మనుషులు. అతని పాటలు ఇప్పుడు విన్నా కిటికీ దగ్గర కూర్చుని వీధిని చూసేవాడి పాటల్లాగే ఉంటాయి నాకు.

కాస్త తేరుకున్నాక గ్లాస్గోలో బీట్‌బాక్స్ అనే కోర్సులో చేరాడు. ఉద్యోగం లేని సంగీతకారుల కోసం ప్రభుత్వం నడిపిన శిక్షణ అది. అక్కడే బేస్ గిటార్ వాయించే స్టువర్ట్ డేవిడ్ కలిశాడు. ఇద్దరూ కలిసి చేసిన డెమో స్టో కాలేజీ వాళ్ల చెవిన పడింది. ఈ కాలేజీ సంగతి మీరు వినాలి. అక్కడ మ్యూజిక్ బిజినెస్ చదివే పిల్లలు ఎలక్ట్రిక్ హనీ అని సొంత రికార్డు లేబుల్ నడిపేవాళ్లు. ఏడాదికి ఒక బ్యాండ్‌ని ఎంచుకుని, రికార్డు ముద్రించడం, అట్ట వేయించడం, అమ్మడం అన్నీ చేసి నేర్చుకునేవాళ్లు. పాఠం చెప్పేది అలన్ రాంకిన్. ఒకప్పుడు ది అసోసియేట్స్ అనే బ్యాండ్‌లో పేరు తెచ్చుకున్న మనిషి. స్నో పెట్రోల్, బిఫ్ఫీ క్లైరో వాళ్ల తొలి రికార్డులూ తర్వాత ఇక్కడి నుంచే వచ్చాయి. మన కాలేజీల్లో ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్ చేయించి బీరువాలో పెడతారు, వీళ్ల ప్రాజెక్టు దుకాణానికి వెళ్లేది. నాకిది చాలా నచ్చింది.

మామూలుగా ఆ లేబుల్ ఒక సింగిల్, అంటే ఒకటి రెండు పాటల చిన్న రికార్డు, వేసి ఊరుకునేది. మర్డాక్ దగ్గర ఏడేళ్ల పాటలు పోగుపడి ఉన్నాయి కదా, ఏకంగా ఆల్బమ్ చేశారు. పేరు టైగర్‌మిల్క్. మూడు రోజుల్లో రికార్డింగ్ అయిపోయింది. వాయించినవాళ్లకి ఒకళ్లతో ఒకళ్లకి అప్పటికి సరిగ్గా పరిచయం కూడా లేదు. గిటార్‌కి స్టీవీ జాక్సన్, కీబోర్డుకి క్రిస్ గెడ్డెస్, చెల్లోకి ఇసబెల్ క్యాంప్‌బెల్, డ్రమ్స్‌కి ఆ కాలేజీలోనే చదువుతున్న రిచర్డ్ కోల్బర్న్. 1996 జూన్‌లో వెయ్యి ఎల్పీలు ముద్రించారు, అంతే. అట్ట మీద బొమ్మ పులికి పాలిస్తున్న ఒక అమ్మాయి ఫొటో, మర్డాక్ తీసిందే. బ్యాండ్ పేరు ఒక ఫ్రెంచి పిల్లల కథది. అందులో సెబాస్టియన్ పిల్లాడు, బెల్ కుక్క.

అదే ఏడాది ఆగస్టులో ఇంగ్లండ్‌లోని నెబ్‌వర్త్‌లో ఒయాసిస్ బ్యాండ్ రెండు రాత్రులు వాయిస్తే రెండున్నర లక్షల మంది వచ్చారు. బ్రిటన్ అంతా గిటార్ల హోరు. ఈ గ్లాస్గో వాళ్లేమో పక్కింటివాళ్లు పడుకున్నారన్నట్టు పాడేవాళ్లు. అది స్టైల్ కోసం చేసింది కాదని నా అభిప్రాయం. గొంతు చించుకునే ఓపిక లేని మనిషి తన ఓపికకి సరిపడా పాట కట్టుకున్నాడు. ఏడెనిమిది మంది బృందం, వయొలిన్, చెల్లో, ట్రంపెట్. బరువు ఏ ఒక్కరి మీదా పడదు.

ఆ రోజుల్లో మర్డాక్ హిండ్‌లాండ్ అనే పేటలో ఒక చర్చి హాలుకి కేర్‌టేకర్. పైన ఇతని కాపురం, కింద హాలు. ఊడవడం, తలుపులు తీయడం, వేయడం అతని పని. ఎవరూ లేని వేళల్లో బ్యాండ్ రిహార్సల్స్ అక్కడే. అదే చర్చిలో కోరస్‌లోనూ పాడేవాడు. రికార్డులు బయటికి వచ్చి పేరు మోగుతున్నప్పుడు కూడా ఏళ్ల తరబడి ఆ పని వదల్లేదు.

లండన్‌లో జీప్‌స్టర్ అనే చిన్న కంపెనీ వీళ్లని తీసుకుంది. 1996 నవంబర్‌లోనే రెండో ఆల్బమ్ వచ్చింది, ఇఫ్ యూ ఆర్ ఫీలింగ్ సినిస్టర్. ఒక్క ఏడాదిలో రెండు! విన్న ప్రతివాడూ ఇంకో ఇద్దరికి చెప్పే రకం ఆల్బమ్ అది. పాటలు అంత బాగున్నా రికార్డింగ్ పలచగా ఉందని మర్డాక్‌కి అసంతృప్తి. 2005లో లండన్ బార్బికన్‌లో మొదటి పాట నుంచి చివరి పాట దాకా మళ్లీ వాయించారు. ఆ లైవ్ రికార్డింగ్ కూడా దొరుకుతుంది.

ఇక వీళ్ల మొండితనం. ఇంటర్వ్యూలు ఇచ్చేవాళ్లు కాదు. పత్రికల వాళ్లు ఫొటో అడిగితే, బ్యాండ్‌లోనే లేని స్నేహితురాలి ఫొటో పంపిన సందర్భాలున్నాయి. ఊరూరా టూర్లు తిరగరు. సింగిల్స్ కోసం రాసిన పాటల్ని ఆల్బమ్‌లో పెట్టరు. 1997లో వరసగా మూడు ఈపీలు, అంటే కొద్ది పాటల చిన్న రికార్డులు, అలాగే వేశారు. కంపెనీవాళ్లకి ఎంత టెన్షన్ అయి ఉంటుందో! అందులో కొంత సిగ్గు, కొంత పొగరు, కొంత మర్డాక్ ఒంట్లో శక్తి లేకపోవడం. ఏది ఎంత పాలో విడదీయలేం.

1999లో తమాషా జరిగింది. బ్రిటన్‌లో ఏటా సంగీతానికి ఇచ్చే బ్రిట్ అవార్డుల్లో కొత్తవాళ్ల విభాగానికి రేడియో శ్రోతలు ఓట్లు వేయాలి. పోటీలో స్టెప్స్ అనే పాప్ బృందం ఉంది. వాళ్ల రికార్డులు లక్షల్లో అమ్ముడవుతున్నాయి, అవార్డు వాళ్లదే అని అందరూ ఖాయం చేసుకున్నారు. తీరా చూస్తే బెల్ అండ్ సెబాస్టియన్ అన్నారు. యూనివర్సిటీ కుర్రాళ్లు ఇంటర్నెట్‌లో ఓట్లు గుద్దేశారు. స్టెప్స్ వెనకున్న నిర్మాత పీట్ వాటర్‌మన్ రిగ్గింగ్ అని గోల పెట్టాడు. వేదిక ఎక్కి బహుమతి తీసుకోవడానికి బ్యాండ్‌లో అందరూ రాలేదు కూడా. అదే ఏడాది టైగర్‌మిల్క్‌ని మళ్లీ ముద్రించారు. అప్పటికి ఆ మొదటి వెయ్యి కాపీల్లో ఒక్కోటి వందల పౌండ్లు పలుకుతోంది.

ఆ ఏప్రిల్‌లోనే ఇంగ్లండ్ తీరంలో కేంబర్ శాండ్స్ అనే చోట, సీజన్ లేక ఖాళీగా ఉన్న హాలిడే క్యాంపులో బోలీ వీకెండర్ అని సంగీతోత్సవం పెట్టారు. బురదలో టెంట్లు వేసుకునే పని లేదు, అందరికీ గది, మంచం, వంటగది. ఏ బ్యాండ్లు వాయించాలో వీళ్లే ఎంచుకున్నారు. ఆ పద్ధతి మీదే తర్వాత ఆల్ టుమారోస్ పార్టీస్ అనే పెద్ద ఉత్సవ పరంపర వచ్చింది. మంచం విలువ తెలిసినవాడి ఆలోచన అనుకున్నాను నేను చదివినప్పుడు.

తర్వాత కొన్నేళ్లు గాడి తప్పాయి. 2000లో వచ్చిన ఆల్బమ్ నాకు ఎక్కలేదు. అందరూ తలా ఒక పాట రాసి అందరూ పాడితే సమానత్వం బాగానే ఉంటుంది కానీ ఆల్బమ్ చెల్లాచెదురైంది. ఆ ఏడాదే స్టువర్ట్ డేవిడ్ వెళ్లిపోయాడు. 2002లో ఇసబెల్ క్యాంప్‌బెల్ అమెరికా టూర్ మధ్యలోనే వదిలేసి వెళ్లింది. తర్వాత అమెరికన్ గాయకుడు మార్క్ లానిగన్‌తో కలిసి ఆమె పాడినవి విడిగా వినండి, గొప్పగా ఉంటాయి.

చాలా బ్యాండ్లు అక్కడితో సరి. వీళ్లు రఫ్ ట్రేడ్ కంపెనీకి మారి, ఎవరూ ఊహించని మనిషిని నిర్మాతగా పెట్టుకున్నారు. ట్రెవర్ హార్న్. 80లలో మెరుగులు దిద్దిన భారీ పాప్ పాటలకి పెట్టింది పేరు. చర్చి హాలు బ్యాండ్‌కీ ఆయనకీ పొంతన ఏమిటని పాత అభిమానులు గొణిగారు. 2003లో డియర్ కెటాస్ట్రఫీ వెయిట్రెస్ వచ్చాక నోళ్లు మూతపడ్డాయి. బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాకీ వెళ్లింది. లాస్ ఏంజెలెస్ వెళ్లి చేసిన ద లైఫ్ పర్‌స్యూట్ 2006లో వచ్చింది. అది బ్రిటన్ చార్టులో ఎనిమిదో స్థానానికి చేరింది. ఆ వేసవిలోనే హాలీవుడ్ బౌల్‌లో లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి కచేరీ చేశారు. టూర్లంటే ముఖం చాటేసిన బ్యాండ్‌లో ఇప్పుడు ప్రేక్షకుల్ని స్టేజీ మీదికి పిలిచి డాన్సు చేయించే మర్డాక్!

మధ్యలో అతను సినిమా కూడా తీశాడు, గాడ్ హెల్ప్ ద గర్ల్. 2014లో అమెరికాలో జరిగే సన్‌డాన్స్ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఆల్బమ్‌లో మొదటి పాట నోబడీస్ ఎంపైర్. మంచాన పడ్డ ఆ ఏళ్ల గురించి అంత సూటిగా రాయడానికి అతనికి ఇరవై ఏళ్లు పట్టింది. 2024లో అదే పేరుతో నవల కూడా వేశాడు. జబ్బు పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడు తిరగబెడుతుంది.

2017 ఆగస్టులో జరిగింది చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. అమెరికాలో నార్త్ డకోటా మీదుగా రాత్రిపూట టూర్ బస్సులో వెళ్తూ ఒక వాల్‌మార్ట్ దగ్గర ఆపారు. డ్రమ్మర్ రిచర్డ్ పైజామాలోనే దిగాడు. అతను లోపల ఉండగానే బస్సు కదిలిపోయింది. లేడని గమనించేసరికి వందల మైళ్లు దాటారు. ఫోన్ బస్సులోనే ఉంది. ఆ ఊరివాళ్లెవరైనా మా డ్రమ్మర్‌ని ఎయిర్‌పోర్టులో దింపండి బాబూ అని మర్డాక్ ట్విట్టర్‌లో వేడుకున్నాడు. ఎలాగో సాయం దొరికి, కచేరీ టైముకి అతను చేరాడు. మీ డ్రమ్మర్ ఎవరో గానీ వాడి ఫోన్ జేబులోనే ఉంచుకోమనండి.

కోవిడ్ వల్ల అమెరికా ప్రయాణం ఆగిపోతే, గ్లాస్గోలో తమ రిహార్సల్ గదినే స్టూడియోగా మార్చుకుని 2022లో ఎ బిట్ ఆఫ్ ప్రీవియస్ చేశారు. అప్పుడు మిగిలిన పాటలతో 2023 జనవరిలో లేట్ డెవలపర్స్. స్టీవీ, క్రిస్, రిచర్డ్, టైగర్‌మిల్క్ తర్వాత వయొలిన్‌తో చేరిన సారా మార్టిన్ ఇంకా ఉన్నారు.

వినడం సినిస్టర్‌తో మొదలుపెట్టండి, హెడ్‌ఫోన్స్‌లో, మాటలు చూసుకుంటూ. తర్వాత టైగర్‌మిల్క్. మీలో డాన్సు పిచ్చి ఉన్నవాళ్లు నేరుగా లైఫ్ పర్‌స్యూట్‌కి వెళ్లొచ్చు. 2000 నాటిది చివరికి ఉంచండి. మీరు కట్టిన పాట ఒకటి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి, ఫోన్‌లో చేసినా ఫర్వాలేదు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఇట్లు
మీ తాతయ్య