కంట్రోలర్‌లో బటన్లు తగ్గిస్తే కొత్తవాళ్లు వచ్చేస్తారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

వీడియో గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్ల చేతికి కంట్రోలర్ ఇచ్చి, పక్కన నోరు మూసుకుని కూర్చోవడం నా ఉద్యోగంలో సగం. వాళ్లు ఎక్కడ తడబడ్డారో రాసుకుని, ఏ పని ఏ బటన్‌కి ఇవ్వాలో మార్చడం మిగతా సగం. రెండింటిలో మొదటిదే కష్టం. "వెనకాల ఉందండీ, చూపుడువేలితో నొక్కండి" అని చెప్పాలని నాలుక దురద పెడుతుంది. చెప్పకూడదు. చెబితే ఆ టెస్ట్ దండగ.

కొత్త ఆటగాళ్లను ఎలా రప్పించాలి అని మీటింగ్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు "కంట్రోలర్‌ని సింపుల్ చేసేయండి, వాళ్లే వస్తారు" అంటారు. ఆ మాట తప్పని నేననను. కానీ సింపుల్ అంటే ఏమిటో అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. ఎక్కువగా వినిపించే లెక్కలివి.

అపోహ: బటన్లు ఎన్ని తగ్గితే ఆట అంత తేలిక

1977లో వచ్చిన అటారీ 2600 గేమ్ యంత్రపు జాయ్‌స్టిక్‌కి ఒక కర్ర, ఒక ఎర్ర బటన్. అంతే. 1983లో నింటెండో ఫామికామ్ వచ్చేసరికి కర్ర పోయి దిక్కుల ప్యాడ్ వచ్చింది, పక్కన ఏ, బీ బటన్లు చేరాయి. 1990లో సూపర్ ఫామికామ్ ఎక్స్, వైలతో పాటు పై అంచున ఎల్, ఆర్‌లను తెచ్చింది. 1997లో వచ్చిన ప్లేస్టేషన్ కంట్రోలర్ డ్యూయల్‌షాక్‌లో పై అంచునే నాలుగు బటన్లు, ముందువైపు బొటనవేళ్లతో వంచే రెండు స్టిక్కులు. ఆ స్టిక్కుల్ని లోపలికి నొక్కితే అవి కూడా బటన్లే. అంటే ఇరవై ఏళ్లలో ఒక్క బటన్ కాస్తా డజను దాటింది. ఈ వరస చూసినవాళ్లకి మళ్లీ వెనక్కి వెళ్దామనిపించడంలో వింత లేదు.

చిక్కేమిటంటే, ప్లాస్టిక్ మీంచి బటన్ తీసేసినంత మాత్రాన అది చేసే పని మాయం కాదు. ఆ పని ఇంకెక్కడో తలెత్తుతుంది. ఈ పాఠం మాకు ఒక ప్రోటోటైప్‌తో తలకెక్కింది. అందులో తలుపు తీయడం, వస్తువు అందుకోవడం, మనుషులతో మాట్లాడటం, కూర్చోవడం, అన్నీ ఒకే బటన్‌కి ఇచ్చాం. తెరమీద మనం నడిపే పాత్ర దేనికి దగ్గరగా ఉంటే ఆ పని జరుగుతుంది. కాగితం మీద చూసుకుని మురిసిపోయాం.

టెస్ట్‌కి ఒకావిడ వచ్చారు, యాభై దాటి ఉంటాయి. కుర్చీ పక్కన బల్ల మీదున్న తాళంచెవి తీసుకోవాలి. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లి బటన్ నొక్కారు. పాత్ర కుర్చీలో కూర్చుంది. లేపి, కాస్త పక్కకి జరిపి మళ్లీ నొక్కారు. మళ్లీ కూర్చుంది. మూడోసారి కూడా కూర్చునేసరికి "ఈయనకి మోకాళ్ల నొప్పులేమో పాపం" అన్నారు. గదిలో అందరం నవ్వాం. నాలుగోసారి తర్వాత ఆవిడ కంట్రోలర్‌ని ఒళ్లో పెట్టేసుకుని "నాకు రాదులెండి" అన్నారు. ఈసారి ఎవరం నవ్వలేదు. తప్పు మాది. ఆవిడ మాత్రం దాన్ని తన ఖాతాలో రాసుకున్నారు. కొత్తవాళ్లు ఆట బాగాలేదని వదిలేయడం నేను అరుదుగా చూశాను, తమకి చేతకాదనుకునే వదిలేస్తారు.

తర్వాత కూర్చోవడానికి వేరే బటన్ ఇచ్చాం. ఒక బటన్ పెరిగింది, ఆ గదిలో ఇరుక్కునేవాళ్లు లేకుండా పోయారు.

ఒకే బటన్‌ని ఒకసారి నొక్కితే ఒక పని, రెండుసార్లు నొక్కితే ఇంకో పని, నొక్కి పట్టుకుంటే మరో పని అనడం కూడా ఈ కోవలోదే. కనిపించే రెండు బటన్లు తీసేసి కనిపించని రెండు పెట్టామన్నమాట. పాతవాళ్లు అలవాటుగా కనుక్కుంటారు. కొత్తవాళ్లకి నొక్కి పట్టుకోవడమనే ఆలోచనే రాదు.

ఇంతకీ కొత్తవాళ్లని నిజంగా హడలెత్తించేది బటన్లు కాదు, ఆ రెండు స్టిక్కులు. ఎడమ బొటనవేలు పాత్రని నడిపించాలి, కుడి బొటనవేలు కెమెరాని, అంటే తెరమీద కనిపించే చూపుని, తిప్పాలి, అదీ ఒకేసారి. మొదటి పది నిమిషాలు చూస్తే తెలుస్తుంది. నాలుగడుగులు వేస్తారు, ఆగుతారు, కెమెరా తిప్పుతారు, అది ఆకాశంలోకి పోతుంది, కిందికి లాగితే పాత్ర పాదాలు కనిపిస్తాయి, ఈలోగా ఎటు వెళ్తున్నారో మరిచిపోతారు. స్టిక్‌ని కొంచెం వంచితే మెల్లగా నడుస్తుందని ఎవరికీ తోచదు, చివరికంటా నెట్టేస్తారు. దానితో పాటు భుజాలు కూడా అటే వంగుతాయి.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. 2000లో పాత ప్లేస్టేషన్‌కి వచ్చిన ఏలియన్ రిసరెక్షన్ అనే షూటింగ్ గేమ్‌లో ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో చూపు అని పెడితే, ఆటలే వృత్తిగా ఉన్న సమీక్షకులు కూడా ఇదేం తలనొప్పి అన్నారు. ఆ మరుసటి ఏడాది ఎక్స్‌బాక్స్‌లో ఇదే అమరికతో హేలో అనే షూటింగ్ గేమ్ వచ్చింది, కొన్నేళ్లలో అదే పద్ధతి అన్నిచోట్లా స్థిరపడింది. ఇప్పుడు దాన్ని పుట్టుకతో వచ్చే విద్యలా చూస్తున్నాం. కొత్తవాళ్ల కోసం ఒక్కటే మార్చే వీలుందంటే నేను బటన్ల జోలికి పోను. కెమెరా దానంతటదే పాత్ర వెనక తిరిగేలా చేస్తాను.

అపోహ: చేతులు ఊపి ఆడే ఆటలో నేర్చుకోవాల్సిందేమీ ఉండదు

దీనికి అందరూ చూపించే ఉదాహరణ నింటెండో వీ అనే గేమ్ యంత్రం. 2006లో వచ్చింది, 10 కోట్లకు పైగా అమ్ముడైంది. కంట్రోలర్ టీవీ రిమోట్‌లా ఉంటుంది, చాలా దేశాల్లో వీ స్పోర్ట్స్ అనే గేమ్ పెట్టెలోనే వచ్చేది. చెయ్యి ఊపితే టెన్నిస్. అందుకే జనం ఎగబడ్డారు అంటారు.

సగం నిజమే. మిగతా సగం కోసం ఆ టెన్నిస్‌ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. బంతి ఎటు పడితే అటు పాత్ర దానంతటదే పరుగెడుతుంది. మనం చేసేది సమయానికి చెయ్యి ఊపడం ఒక్కటే. నడక, కెమెరా, దిశ, కొత్తవాళ్లని బెదరగొట్టే పనులన్నీ గేమ్ తన నెత్తిన వేసుకుంది. నా దృష్టిలో అసలు గొప్పతనం అక్కడుంది, ఊపడం పైకి కనిపించే సరదా. అదే టెన్నిస్‌లో పరుగు కూడా మన చేతే పెట్టించి ఉంటే ఎంతమంది రెండో మ్యాచ్ ఆడేవాళ్లో ఊహించుకోవచ్చు.

ఊపడంలోనూ ఇబ్బందులున్నాయి. బౌలింగ్‌లో కింది బటన్ నొక్కి పట్టుకుని, చెయ్యి ముందుకి తెచ్చి, సరైన క్షణంలో వదలాలి. వదలాల్సింది బటన్‌ని. ఆటలో మునిగినవాళ్లు రిమోట్‌నే వదిలేస్తే? చేతిలోంచి రిమోట్లు ఎగిరిపోవడం, మణికట్టు తాళ్లు తెగిపోవడం చూసి 2006 డిసెంబర్‌లో నింటెండో దాదాపు 32 లక్షల తాళ్లను మందమైనవాటితో మార్చి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. పైగా మొదటి రిమోట్‌కి చేతి మెలికలు సరిగ్గా అర్థమయ్యేవి కావు, దానికి తగిలించే మోషన్‌ప్లస్ 2009లో వచ్చింది. ఈ గుట్టు తెలిసినవాళ్లు అప్పటికే సోఫాలో చేరగిలబడి, మణికట్టు ఒక్కసారి విదిలించి పాయింట్లు కొట్టేస్తున్నారు.

కంట్రోలర్ అసలే లేకుండా చేస్తే ఎలా ఉంటుందో 2010 నవంబర్‌లో వచ్చిన మైక్రోసాఫ్ట్ కినెక్ట్, అంటే ఒంటి కదలికల్ని కెమెరాతో పసిగట్టే పరికరం, చూపించింది. మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడైంది. 2017కల్లా తయారీ ఆపేశారు. కారణాలు చాలా ఉన్నాయిగానీ నా రంగానికి సంబంధించింది ఒకటి చెబుతాను. బటన్ లేకపోతే "ఇది కావాలి" అని చెప్పడమే కష్టం. గాల్లో చెయ్యి చాపి, తెరమీద కావలసిన బొమ్మ మీద కదలకుండా నిలబెట్టి, గుండ్రం నిండేదాకా ఆగాలి. వేలికి "టక్" అని తెలిసే పనిని గాలి చేయలేదు. ఇక గేమ్‌లో ముందుకి నడవాలంటే? గదిలో నిజంగా నడిస్తే రెండడుగుల్లో గోడ తగులుతుంది. అందుకే డాన్స్ గేములు దానికి బాగా కుదిరాయి, చుట్టూ తిరుగుతూ చూడాల్సిన ఆటలు కుదరలేదు.

అపోహ: మొదట్లో ఒక ట్యుటోరియల్ పెడితే అన్నీ వచ్చేస్తాయి

తెరమీద "ఎల్2 నొక్కండి" అని వస్తుంది. కొత్త ఆటగాడు కిందికి చూస్తాడు. కంట్రోలర్ పట్టుకున్నప్పుడు పైనుంచి కనిపించేది ముందువైపు మాత్రమే. ఎల్2 అవతలి అంచున ఉంటుంది, దాని పేరు కూడా అటే తిరిగి ఉంటుంది. అందుకని కంట్రోలర్‌ని నిలువుగా ఎత్తి ముఖం ముందు పెట్టుకుంటాడు. వేళ్లన్నీ చోటు తప్పుతాయి. పేరు దొరికింది, మళ్లీ సరిగ్గా పట్టుకుంటే ఎడమ ఏదో కుడి ఏదో సందేహం. తలెత్తేసరికి తెరమీద సందేశం పోయింది. ఇంతా కలిపి ఏడెనిమిది సెకన్లు. గేమ్ తయారుచేసినవాళ్లు పదేళ్లుగా కంట్రోలర్ వైపే చూడలేదు కాబట్టి ఈ ఎనిమిది సెకన్లు వాళ్ల ఊహకి అందవు.

ఆ అక్షరాలైనా ఒకే తీరున ఉన్నాయా అంటే అదీ లేదు. నింటెండోలో ఏ బటన్ కుడివైపు, ఎక్స్‌బాక్స్‌లో కింద. ఎక్స్, వైలు కూడా తారుమారే. ప్లేస్టేషన్‌లో సరే అనడానికి జపాన్‌లో సున్నా, బయట చాలా దేశాల్లో ఇంటూ గుర్తు. 2020లో ప్లేస్టేషన్ 5తో గానీ జపాన్‌లో కూడా ఇంటూ గుర్తుకి రాలేదు. ఇంత గందరగోళం మనమే పెట్టి, అవతలివాళ్లకి బుర్ర లేదంటే ఎలా?

నేను పాటించేది చిన్న పద్ధతే. అక్షరం బదులు కంట్రోలర్ బొమ్మ వేసి నొక్కాల్సిన చోటు వెలిగిస్తాను. వాళ్లు నొక్కేదాకా బొమ్మ పోదు. ఒక పని నేర్పాక, దాంతో ఐదారు సార్లు అవసరం పడేదాకా రెండోది నేర్పను. శత్రువులు రావాలంటే ఆ తర్వాతే రావాలి.

అపోహ: పిల్లలకి ఇట్టే వచ్చేస్తుంది, పెద్దవాళ్లకి రాదు

పిల్లలకీ అదే తడబాటు. కాకపోతే వాళ్లు ఓడినా టెన్షన్ పడరు, వందసార్లు నొక్కి చూస్తారు. పెద్దవాళ్లు పక్కన ఎవరైనా చూస్తున్నారేమోనని మూడోసారికే ఆపేస్తారు. నేను చూసిన పెద్ద తేడా ఇదే.

అపోహ: కంట్రోల్స్ తేలికైతే ఆట చప్పబడిపోతుంది, పాతవాళ్లు వెళ్లిపోతారు

2013లో వచ్చిన ఫోన్ గేమ్ ఫ్లాపీ బర్డ్‌కి ఉన్నది వేలితో తట్టడం ఒక్కటే. దాని దెబ్బకి జుట్టు పీక్కున్నవాళ్లెందరో. 2018 నాటి కొండ ఎక్కే గేమ్ సెలెస్ట్‌లో ముఖ్యమైనవి మూడే పనులు: గెంతడం, గాల్లో దూసుకెళ్లడం, గోడ పట్టుకోవడం. అయినా ఆ కొండ ఎక్కడానికి చేయి తిరిగినవాళ్లకీ చెమటలు పడతాయి. ఆటలో కష్టం వేరు, ఆటకి మన ఉద్దేశం చెప్పడంలో కష్టం వేరు. రెండోది ఎవరికీ సరదా ఇవ్వదు.

సెలెస్ట్‌లోనే ఇంకో సంగతుంది. పాత్ర అంచు దాటి గాల్లోకి వెళ్లాక కూడా రెప్పపాటు కాలం గెంతనిస్తుంది. అంటే మీరు ఆలస్యంగా నొక్కినా సకాలంలో నొక్కినట్టే లెక్క. అలాగే నేల తాకడానికి కాస్త ముందే నొక్కేస్తే, దాన్ని గుర్తుపెట్టుకుని తాకగానే గెంతిస్తుంది. మా రంగంలో మొదటిదాన్ని కయోటీ టైమ్ అంటారు. పాతవాళ్లు తెలియకుండానే దీనివల్ల సుఖపడుతున్నారు, ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. కొత్తవాళ్ల ఆట కోసమైతే ఆ రెప్పపాటుని ఇంకాస్త సాగదీస్తాను. కంట్రోలర్‌లో ఒక్క మర కూడా తిప్పకుండా దాన్ని తేలిక చేయడమంటే ఇదే.

2023లో కొట్లాట గేమ్ స్ట్రీట్ ఫైటర్ 6 ఇంకో దారి పట్టింది. స్టిక్‌ని మెలితిప్పి వేయాల్సిన ప్రత్యేక దెబ్బల్ని మోడర్న్ పద్ధతిలో ఒక దిక్కు, ఒక బటన్‌తో వేయొచ్చు. బదులుగా ఆ దెబ్బ బలం కొంత తగ్గుతుంది. 2017 నాటి మారియో కార్ట్ 8 డీలక్స్‌లో స్మార్ట్ స్టీరింగ్ పెట్టుకుంటే కారు దారి తప్పి పడిపోదు, కానీ కొన్ని అడ్డదారులు దొరకవు. సాయానికి చిన్న రుసుము అన్నమాట. ఈ బేరం నాకు నచ్చింది, ఒకే పందెంలో ఆరితేరినవాళ్లూ కొత్తవాళ్లూ పక్కపక్కనే కూర్చోగలుగుతారు.

అపోహ: టచ్‌స్క్రీన్ ఉండగా కంట్రోలర్ ఎందుకు?

తట్టే, జరిపే ఆటలకి అక్కర్లేదు. కానీ కంట్రోలర్‌కని తయారైన ఆటని తెచ్చి, గాజు మీద స్టిక్ బొమ్మ గీస్తే రెండు నష్టాలు. బొటనవేళ్లు బొమ్మని కప్పేస్తాయి, స్టిక్ అంచు వేలికి తగలదు. చూడకుండా ఆడటం కుదరదు, చూస్తే ఆట కనపడదు.

అపోహ: వికలాంగుల కోసం చేసేవి వేరే విషయం, కొత్తవాళ్లకి వాటితో పని లేదు

2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కి అరచేతంత బటన్లు రెండు, వెనక అంచున స్విచ్‌లు తగిలించుకునే 19 జాక్‌లు ఉంటాయి. కాలితోనో మోచేత్తోనో, ఎవరికి వీలైన చోట వాళ్లు పెట్టుకోవచ్చు. 2023లో ప్లేస్టేషన్ కూడా యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. ఇలాంటివారి కోసం గేముల్లో వచ్చిన సదుపాయాలు, అంటే నొక్కి పట్టుకునే బదులు ఒకసారి నొక్కితే చాలనడం, బటన్లు మార్చుకోనివ్వడం, గురి దానంతటదే కుదరడం, కొత్తవాళ్లకి కావలసిన జాబితాతో దాదాపు అక్షరాలా కలుస్తాయి. ఇబ్బందల్లా వాటిని సెట్టింగ్స్‌లో నాలుగు మెనూల లోపల దాచడం. కొత్తవాళ్లు సెట్టింగ్స్ తెరవరు.

వాటిలో నాకు బాగా ఇష్టమైంది, 2017లో ఎక్స్‌బాక్స్ వన్‌కి వచ్చిన కోపైలట్. రెండు కంట్రోలర్లు కలిసి ఒకే కంట్రోలర్‌లా పనిచేస్తాయి. ఈ మధ్య ఒక టెస్ట్‌లో దీన్ని ఇద్దరు అక్కాచెల్లెళ్లతో వాడి చూశాం. అక్కకి గేములు కొత్త. నడక ఆవిడకి, కెమెరా చెల్లెలికి. "అటు తిప్పవే, తలుపు అటుంది", "నువ్వు ముందు గోడకి గుద్దుకోవడం ఆపక్కా" అంటూ అరగంట ఆడారు. సమయం అయిపోయిందని చెబితే, ఆ గది దాటేదాకా ఉండనివ్వమని అడిగింది అక్కే.